చెంబు కనుమ దాటింది, నేను దాటలేదు

తిరుపతి నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు, ఊరు వేస్తే పర్వాలేదన్నారు. చాలా పొడవుగా ఉంది కాబట్టి ముఖ్యమైనంత వరకు నా మాటల్లో చెబుతాను.

ఆయనకు 41 ఏళ్లు. చిత్తూరులో ప్రభుత్వోద్యోగం, రోజూ తిరుపతి నుంచి బస్సులో పోయి వస్తారు. శనివారాలు అలిపిరి మెట్లెక్కడం కొన్నేళ్లుగా అలవాటు. నిరుడు అక్టోబరులో బామ్మర్ది, అతని స్నేహితులు ఇద్దరితో కలిసి నేపాల్‌లో అన్నపూర్ణ సర్క్యూట్ నడకకు వెళ్లారు. బామ్మర్దికి 30 ఏళ్లు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వీపున సంచులేసుకుని నడిచి, థొరాంగ్ లా అనే 5,416 మీటర్ల ఎత్తున్న కనుమ దాటి, అవతల ముక్తినాథ్‌లో దిగాలన్నది పథకం. ముక్తినాథ్ అంటే నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటైన సాలగ్రామ క్షేత్రం. అది విని అమ్మగారు పొంగిపోయి, తీర్థం పట్టుకురమ్మని మూతున్న చిన్న రాగి చెంబు సంచిలో పెట్టి పంపించారు.

సెలవులు చాలవని బేసీ సహర్ నుంచి చామే దాకా జీపులో పోయారు. అక్కడి నుంచి నడక. మనాంగ్‌లో రెండు రాత్రులు ఆగుదామని గైడు అంటే, ఒక్క రాత్రి చాలని బామ్మర్ది తేల్చేశాడు. మర్నాడు యాక్ ఖర్కా చేరేసరికి ఈయనకు తల పగిలిపోతున్నంత నొప్పి, వాంతులు. ఆగుదామా, దిగుదామా, పోదామా అని మాటా మాటా పెరిగింది. తెల్లారాక పోర్టరును తోడిచ్చి ఈయన్ని కిందికి పంపి, మిగతా ముగ్గురూ గైడుతో పైకి పోయారు. చెంబు బామ్మర్ది సంచిలోకి మారింది. ఈయన పోఖరా చేరి హోటల్లో కాచుకున్నారు. వాళ్లు కనుమ దాటి, ముక్తినాథ్‌లో చెంబు నింపుకుని వచ్చారు.

ఇంటికొచ్చాక అమ్మగారు "దర్శనం బాగా అయిందా నాయనా" అంటే, ఈయన నోట "అయిందమ్మా" అని వచ్చేసింది. ఆవిడ ఆ తీర్థం వీధి వీధంతా పంచారు. ఫిబ్రవరిలో ఒక గృహప్రవేశంలో, పంక్తి మధ్యలో బామ్మర్ది "మా బావ గాలిగోపురం కాడి నుంచే దిగిపోయే రకం" అన్నాడు, అంటే తిరుమల మెట్లదారి మధ్యలోనే వెనుదిరిగే రకమని. అందరూ నవ్వారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మేలో గంగజాతరకు అతను అక్క ఇంటికొస్తే, ఈయన ఆఫీసు పనని చిత్తూరులోనే ఉండిపోయారు. భార్య ఇద్దరి మధ్యా నలుగుతోంది. ఇప్పుడు బామ్మర్ది నుంచి మెసేజ్: "బావా, ఈ అక్టోబరులో మళ్లీ అదే దారి. వస్తావా?" దానికింకా జవాబివ్వలేదు. ఈలోగా ఎవరికీ చెప్పకుండా గుడారం, స్లీపింగ్ బ్యాగు కొన్నారు. తలకోన వైపు నుంచి శేషాచలం అడవిలో పడి, ఒక రాత్రి మధ్యలో పండుకుని, ఒంటరిగా తిరుమల చేరాలని ఆలోచన. "ఒక్కసారి నేనొక్కణ్నే చేసి చూపిస్తే ఈ మంట చల్లారుతుందేమో" అని రాశారు. మెసేజ్‌కి ఏం చెప్పాలి, అమ్మకు నిజం చెప్పాలా, శేషాచలం పోవచ్చా అన్నవి ఆయన ప్రశ్నలు.

*

ముందు మీ ఒంటి సంగతి తేల్చుకుందాం. మీ కోపంలో సగం దాని మీదే నిలబడి ఉంది. మీరు ఉత్తరంలో మూడు చోట్ల "నా చేతగానితనం" అని రాశారు. అది చేతగానితనం కాదండీ, ఎత్తు జబ్బు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కేవాడికి ఇదేమిటని మీకు అనిపించడం సహజమే. ఆ మెట్లు కాళ్లకు, గుండెకు బలమిస్తాయి. కానీ తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లకు లోపే. పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడటం అనేది అక్కడ నేర్చుకునే పని కాదు. థొరాంగ్ లా మీద ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదాంట్లో దాదాపు సగం. దానికి రక్తం, ఊపిరి సర్దుకోవాలంటే కావాల్సింది రోజులు, కండలు కాదు. ఎంత వ్యాయామం చేసినవాడికైనా ఈ జబ్బు రావచ్చు. కుర్రాళ్లయితే వేగంగా ఎక్కి మరీ తెచ్చుకుంటారు.

మీ ప్రయాణం లెక్క చూడండి. బేసీ సహర్ 760 మీటర్లు, చామే 2,670. ఆ ఎత్తంతా ఒక్క పూటలో జీపులో ఎక్కేశారు. తర్వాత పిసాంగ్, ఆపైన 3,540 మీటర్ల మనాంగ్, మర్నాడే నాలుగు వేలు దాటిన యాక్ ఖర్కా. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో రెండో రాత్రి ఉండాలని కొండ వైద్యులు చెప్పే నియమం. మనాంగ్‌లో రెండు రాత్రులనడం గైడు బద్ధకం కాదు, ఆ దారిలో అందరూ పాటించే పద్ధతి. మీరు దిగారు, ఆ సాయంత్రానికే ఆకలేసిందని రాశారు. ఈ జబ్బుకు దిగడమే అసలు మందు. దిగకుండా పైకి పోయుంటే ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరే ప్రమాదం ఉండేది. అలా ముదిరితే గంటల వ్యవధిలో మనుషులు పోతారు. మీ నలుగురిలో ఆ రోజు సరిగ్గా నడిచింది మీరే.

అయితే మీ ఉత్తరంలోనే ఒక వాక్యం ఉంది, మీరు దాన్ని దాటేసి పోయారు. "మనాంగ్‌లో రాత్రి దాల్ భాత్ సగం వదిలేసి, పారాసిటమాల్ వేసుకుని పడుకున్నా, ఎవరికీ చెప్పలేదు." తలనొప్పి, అన్నం సయించకపోవడం, ఈ రెండూ ఆ ఎత్తులో కలిసొస్తే అది ఎత్తు జబ్బు మొదలైనట్టే లెక్క. ఆ రాత్రి గైడు చెవిన వేసుంటే, రెండో రాత్రి ఉందామన్న అతని మాటకు బలం వచ్చేది. బామ్మర్ది కాదన్నా నెగ్గేది. కుర్రాళ్ల ముందు పలచన అవుతానని మీరు దాచారు. తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. అతను మొండికేశాడు, మీరు దాచారు, రెండూ కలిసి యాక్ ఖర్కా రాత్రి తయారైంది. మీరిద్దరూ కూర్చుని మాట్లాడే రోజున ఈ మాట మీరే ముందు అనగలిగితే, అవతలివాడికి తన వంతు ఒప్పుకోవడం తేలికవుతుంది.

ఇక అసలు గాయం. కనుమ దాటలేదన్న బాధ మీకు అంతగా లేదని నాకనిపిస్తోంది. పోర్టరు వెనకాల దిగుతూ, వెనక్కి తిరిగి చూస్తే ముగ్గురి సంచులూ పైకి పోతూ కనిపించాయని రాశారే, అదీ మంట. నలుగురిగా వెళ్లినవాళ్లలో ఒక్కడూ మీతో దిగలేదు. హిందీ కూడా సరిగా రాని పోర్టరుతో, వాంతి చేసుకుంటున్న మనిషిని పంపడం పద్ధతి కాదు. జబ్బు చేసినవాడితో మాట తెలిసిన తోడు ఉండాలి. ఆ లెక్కన మీ కోపం న్యాయమైనదే.

కానీ అతని వైపు నుంచి కూడా ఒకసారి నిలబడి చూడండి. తన మాట మీద వచ్చిన స్నేహితులిద్దరు, కట్టేసిన డబ్బులు, మళ్లీ దొరకని సెలవులు, ఒక్కడే గైడు. ముప్పై ఏళ్లవాడు, ఆ ఎత్తులో, ఆ చలిలో, అర్ధరాత్రి దాకా వాదించి తీసుకున్న నిర్ణయం అది. ఆ ఎత్తులో బుర్రలు కూడా మందగిస్తాయి, మీదే కాదు, అతనిదీ. ఇంకొకటి. కనుమ దాటే రోజు ఎవరైనా సంచిలోంచి తీసేయగలిగినవన్నీ తీసేస్తారు. సబ్బు ముక్కలు సగానికి కోసుకునేవాళ్లను చూశాను. అలాంటి రోజున మీ అమ్మగారి రాగి చెంబు మోసుకుని కనుమ దాటి, అటుపక్క ముక్తినాథ్ గుడి నూట ఎనిమిది ధారల దగ్గర నింపి, మూత చుట్టూ టేపు చుట్టి పోఖరా దాకా తెచ్చాడు. ఎవరూ అడగలేదని మీరే రాశారు. మిమ్మల్ని లెక్క చేయనివాడు ఆ పని చేయడు.

గృహప్రవేశంలో అన్న మాట మాత్రం వేరు. కొండ మీది నిర్ణయానికి ఎత్తు, అలసట అని సాకులుంటాయి. పంక్తిలో పప్పన్నం తింటూ అన్న మాటకు ఏ సాకూ లేదు. బావా బామ్మర్దుల వేళాకోళాలు మనకు కొత్త కాదు. అందుకే అతనికి అది అంత లోతుగా దిగిందని తెలియకపోవచ్చు కూడా. మీరు ఆ పూటే "అదేం మాటరా" అనలేదు, నవ్వి ఊరుకున్నారు. తర్వాత నెలల తరబడి మాట్లాడలేదు. అతని వైపు నుంచి చూస్తే బావ ఎందుకు అలిగాడో కూడా సరిగా తెలియదు. వచ్చిన మెసేజ్ బహుశా క్షమాపణే. మగవాళ్లం మన ఇళ్లల్లో క్షమాపణలు ఇలాగే చెబుతాం: "వస్తావా?" అని.

ఇక్కడ శేషాచలం సంగతి చెప్పాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం మెత్తగా చెప్పలేను.

మీరు అనుకుంటున్న దారిలో చాలా భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, 2010లో ప్రకటించిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు పరిధి. అనుమతి లేకుండా అడుగు పెడితే 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. మామూలు అడవిలో అయితే మందలించి పంపుతారేమో. ఇది ఎర్రచందనం అడవి. రాత్రిపూట సంచి, గుడారంతో ఒంటరిగా దొరికిన మనిషిని ఎర్రచందనం దొంగలను పట్టే టాస్క్‌ఫోర్స్ వాళ్లు ముందు ఏమనుకుంటారో తిరుపతివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మీరు ప్రభుత్వోద్యోగి. కేసు అంటూ అయితే ఉద్యోగం మీదికి వస్తుంది. అప్పుడు మీ ఆవిడకే కాదు, ఆఫీసు మొత్తానికి జవాబు చెప్పుకోవాలి.

జంతువుల మాటకొస్తే, 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలోనే, అంత జనం తిరిగే చోటనే, చిరుత ఒక పసిపిల్లను ఎత్తుకుపోయి చంపింది. ఆ తర్వాతే భక్తులకు చేతికర్రలివ్వడం, పిల్లలకు వేళలు పెట్టడం చేశారు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు గుండాలకోన దగ్గర అడవిదారిన గుంపుగా పోతున్న భక్తుల మీదే ఏనుగులు పడి ప్రాణాలు తీశాయి. ఎలుగుబంట్లు సరేసరి. వీటన్నిటినీ మించి నీళ్లు. ఎండాకాలంలో ఆ కోనల్లో ఎక్కడ చెలమ ఉంటుందో పుట్టి పెరిగిన వాళ్లకే తెలుసు. లీటరు నీళ్లు కిలో బరువు. రెండు రోజులకు ఎన్ని లీటర్లు మోస్తారు? లోయల్లోకి దిగితే ఫోను సిగ్నలూ ఉండదు. కాలు మడతపడితే ఎవరికీ చెప్పకుండా వచ్చిన మనిషిని ఎవరు, ఎక్కడని వెతకాలి?

ఒంటరి నడకలు నడిచిన మహానుభావులు లేరా అంటారేమో. ఉన్నారు. అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ అని దాదాపు 3,500 కిలోమీటర్ల దారి ఉంది, జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా. ఎమ్మా గేట్‌వుడ్ అనే పదకొండుమంది పిల్లల తల్లి, 67 ఏళ్ల వయసులో, 1955లో దాన్ని ఒంటరిగా నడిచింది. కాళ్లకు మామూలు గుడ్డ బూట్లు, భుజాన ఇంట్లో కుట్టుకున్న గుడ్డ సంచి, వానకు స్నానాలగది ప్లాస్టిక్ కర్టెను. పిల్లలకు కూడా ఎక్కడికి పోతున్నదీ సరిగా చెప్పలేదు. ఈ భాగం మీకు నచ్చుతుందని తెలుసు. కానీ ఆ దారి పొడవునా చెట్ల మీద తెల్ల రంగు పట్టీలు వేసి ఉంటాయి, రాత్రి తలదాచుకునే పాకలు ఉంటాయి, మధ్యమధ్య ఊళ్లు తగులుతాయి. మీరు అనుకుంటున్న దారిలో అవేవీ లేవు. ఇంకో సంగతి ఏమిటంటే, ఆమె అంతకు ముందు ఏడాది, 1954లో, మెయిన్ వైపు నుంచి మొదలుపెట్టి దారి తప్పింది, కళ్లద్దాలు పగిలాయి. అటవీ సిబ్బంది నచ్చజెప్పి ఇంటికి పంపేశారు. వెళ్లిపోయింది. ఆ దారంతా ఒక్క ఊపున నడుద్దామని ప్రతి ఏడూ బయలుదేరేవాళ్లలో చివరిదాకా చేరేది దాదాపు నాలుగోవంతే. మిగతావాళ్లందరినీ గాలిగోపురం రకం అందామా?

ఒంటరిగా కాకపోయినా అడవి నడక కావాలనే కోరిక నిజమే అయితే, దానికి మన దగ్గరే మర్యాదైన దారులున్నాయి. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి, పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థ ముక్కోటి. ఆ రోజుల్లో తితిదే, అటవీశాఖ కలిసి భక్తులను అడవిలోకి పంపుతాయి, దారిలో నీళ్లు, కాపలా ఉంటాయి. ఇంకా పెద్దది కావాలంటే ఉగాదికి కన్నడ భక్తులు నల్లమలలో నడిచే శ్రీశైలం దారి: నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. ఆ జనంతో కలిసి సంచి భుజాన వేసుకుని నడిచి చూడండి. ఎండలో, రాళ్లలో, బరువుతో, పక్కవాడి అడుగుకు మీ అడుగు సరిపెట్టుకుంటూ పోవడం అక్కడ తెలుస్తుంది. మీరు చేసి చూపించాలనుకుంటున్న మనుషులు అక్కడ ఉండరు గనక కాళ్ల మీదే మనసు నిలుస్తుంది.

కొన్న గుడారం గురించి మీ ఆవిడకు చెప్పేయండి. అన్నపూర్ణ దారిలో అడుగడుగునా బస ఇళ్లున్నాయి, అక్కడ దాంతో పనిలేదు. తిరిగి ఇచ్చేస్తారో, ఉంచుకుంటారో ఆమెతో మాట్లాడి తేల్చుకోండి. దాచడం వల్ల మాత్రం ఇప్పటికే నలిగినామె ఇంకొంచెం నలుగుతుంది.

ఇప్పుడు మెసేజ్. మీ ముందు మూడు దారులున్నాయని నా లెక్క.

ఒకటి, వాళ్లతోనే వెళ్లడం. ఇది మంచి దారే, కానీ పోయినసారి పద్ధతిలో అయితే పోయినసారి ఫలితమే వస్తుంది. పైగా ఒకసారి ఎత్తు జబ్బు చేసినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని టికెట్లు కొనకముందే కొన్ని తేల్చుకోవాలి. సెలవు పెంచుకోవాలి. జీపు ఎక్కినా సరే, మనాంగ్‌లో రెండు రాత్రులు తప్పదు. అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్య కేంద్రం సీజన్‌లో నడుస్తుంది, ఎత్తు జబ్బు గురించి చెబుతారు, నలుగురూ కలిసి కూర్చుని వినండి. పైన ఒకటి రెండు రోజులు చేతిలో మిగులు ఉంచుకోండి. 2014 అక్టోబరు 12న విశాఖను ఊడ్చేసిన హుద్‌హుద్ తుఫాను మీకు గుర్తుండే ఉంటుంది. దాని శేషమే ఉత్తరానికి పోయి, రెండు రోజుల తర్వాత సరిగ్గా ఈ థొరాంగ్ లా చుట్టుపక్కల మంచు తుఫానై పడింది. నలభై మందికి పైగా పోయారు. అక్టోబరు అక్కడ నడకకు అన్నిటికన్నా మంచి నెల. అయినా అంత పని జరిగింది. ఆగాల్సి వచ్చిన రోజున ఆగగలిగే సెలవు చేతిలో ఉండాలి.

గైడుకు తోడు సహాయ గైడును పెట్టుకోమనండి. నలుగురి మీద వేసుకుంటే మనిషికి పెద్ద భారం కాదు. గుంపు రెండుగా చీలాల్సి వస్తే, ఎవరు దిగినా వాళ్లతో దారి తెలిసిన మనిషి ఉంటాడు. మీకు నిరుడు లేకపోయింది ఇదే. దిగేవాడితో స్నేహితుల్లో ఒకడు కూడా దిగాలా వద్దా అన్నది ఇంటి దగ్గరే మాట్లాడుకోవాలి, యాక్ ఖర్కాలో అర్ధరాత్రి కాదు. తలనొప్పి, నిద్ర, ఆకలి గురించి రాత్రి భోజనాల దగ్గర నలుగురూ పైకి చెప్పాలి, మీతో సహా.

ఇంకొక చిన్న విషయం. మీరు రాసినదాన్ని బట్టి మీరు ఎప్పుడూ వెనకుండేవారు. గుంపు నడకల్లో జరిగేదేమిటంటే, ముందు పోయినవాళ్లు ఏ బండ మీదో కూర్చుని నీళ్లు తాగి, ఫోటోలు తీసుకుని, వెనకబడినవాడు చేరగానే "ఆఁ, వచ్చేశాడు, పదండి" అని లేస్తారు. అలసటలేనివాళ్లకు పావుగంట విశ్రాంతి, అలసినవాడికి సున్నా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇదే తంతు. అందుకే నిదానంగా నడిచేవాణ్ని ముందు పెట్టి నడవాలంటారు. బామ్మర్ది ఈ ఒక్కదానికి ఒప్పుకుంటాడా అడగండి. ఒప్పుకోకపోతే, మిగతా వాటికి ఎంత తలూపినా నాకు నమ్మకం లేదు.

సంచి బరువు కూడా చూసుకోండి. 66 కిలోల మనిషి 14 కిలోలు మోశానని గొప్పగా రాశారు. ఒంటి బరువులో ఐదో వంతు దాటింది, అది గొప్ప కాదు. మూడు జతల జీన్స్ ఎందుకండీ? తడిస్తే ఆరవు, మోస్తే బరువు. ఊరగాయ, పప్పుండలు మాత్రం తీసేయకండి, ఆ ఎత్తులో అన్నం సయించనప్పుడు అవే నోటికి దిగుతాయి. ఎత్తు జబ్బు రాకుండా ముందే వేసుకునే ఎసిటజోలమైడ్ గురించి డాక్టర్ని అడగండి, సల్ఫా మందులు పడకపోతే ఆ మాట చెప్పండి. అది ఒళ్లు సర్దుకోవడానికి సాయం చేస్తుందంతే, మనాంగ్‌లో రెండో రాత్రికి బదులు కాదు.

రెండో దారి, అతనితో రాజీ, కానీ నడక మాత్రం వేరు. "ఈసారి నువ్వు పో, నేను సందక్‌ఫూ చూసొస్తా" అనొచ్చు. 3,636 మీటర్లు, డార్జిలింగ్ దగ్గర, గైడుతో పోవాలి, ఎదురుగా కాంచనగంగ. నిదానంగా మీ లెక్కన నడిచి, మీ ఒళ్లు ఆ ఎత్తులో ఎలా ఉంటుందో తెలుసుకోవచ్చు. దీని వల్ల కనుమ ఇంకో ఏడాదికి వాయిదా పడుతుంది, బామ్మర్దితో నడిచే అవకాశం పోతుంది, కానీ మీ మీద ఎవరి గడియారమూ ఉండదు. మీ స్వభావానికి ఇది కుదురుతుందని నాకనిపిస్తోంది. బలవంతం లేదు.

మూడోది, రానని చెప్పడం. అదీ తప్పు కాదు. కానీ ఎందుకు రానో చెప్పకుండా "పనుంది రా" అంటే, వచ్చే గంగజాతరకు కూడా మీరు చిత్తూరులోనే ఉంటారు.

ఏ దారి పట్టినా, మెసేజ్‌కి మెసేజ్ పెట్టకండి. ఫోను చేయండి, వీలైతే అతను తిరుపతి వచ్చినప్పుడు ఇద్దరే ఎక్కడైనా కూర్చోండి. "మనాంగ్‌లో నాకు ఒంట్లో బాలేదని దాచాను, అది నా తప్పు. తెల్లారి ఒక్కడైనా నాతో దిగుతారనుకున్నా, అది నాకింకా బాధగానే ఉంది. గృహప్రవేశంలో నువ్వన్నది అంతకన్నా బాధ." ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. అతను వాదించవచ్చు, వినండి. మీ ఆవిడను మధ్యవర్తిగా పెట్టకండి. ఆమె వద్దని చెప్పలేక, అవునని చెప్పలేక ఇప్పటికే చాలా చేసింది.

చివరికి అమ్మగారు. చెప్పకుండా ఉండిపోవచ్చు. ఆవిడకు తెలియకపోవచ్చు కూడా. కానీ ఆ రహస్యం ఇప్పుడు మీ ఒక్కరిది కాదు, ముగ్గురు కుర్రాళ్ల చేతుల్లో ఉంది. ఏ పెళ్లిలోనో ఎవరో గాలిగోపురం జోకు మళ్లీ వేస్తే ఆవిడ మూడో మనిషి నోట వింటారు. అది చెప్పడం కన్నా ఘోరంగా ఉంటుంది. ఆ భయంతోనే మీరు బామ్మర్దికి దూరంగా తిరుగుతున్నారేమో కూడా ఒకసారి చూసుకోండి.

చెబితే ఏమవుతుంది? ఆవిడ ఒక పూట నొచ్చుకోవచ్చు. కానీ మీరు అనుకుంటున్నంత కుప్పకూలరని నా ఊహ. తీర్థం అబద్ధం కాదు, అది ముక్తినాథ్ నుంచే వచ్చింది. వీధిలో పంచింది నిజమైన తీర్థమే. వెళ్లనిది మీరొక్కరే, అదీ ఒంట్లో బాగాలేక. కొడుకు అంత ఎత్తులో వాంతులతో దిగాడని తెలిస్తే ఏ తల్లికైనా ముందు దర్శనం గుర్తుకు రాదు. కాకపోతే వీధిలో ఇప్పటికే చెప్పుకున్న మాట వెనక్కి తీసుకోవడం ఆవిడకు చిన్నతనం అనిపించవచ్చు. అది మీరు ఆవిడకు వదిలేయాలి, ఎవరికి చెప్పాలో వద్దో ఆవిడ ఇష్టం.

మూడో వీలు కూడా ఉంది, మీ ఉత్తరంలో ఎక్కడా దాని ఊసు లేదు. ముక్తినాథ్‌కు కనుమ మీంచే పోనక్కర్లేదు. పోఖరా నుంచి జోమ్‌సోమ్ మీదుగా జీపులు పోతాయి, జోమ్‌సోమ్ దాకా చిన్న విమానాలూ ఉన్నాయి. మన వైపు నుంచి ఎందరో వయసు మళ్లినవాళ్లు అలాగే వెళ్లి వస్తున్నారు. అమ్మగారిని మీరే తీసుకెళ్లొచ్చు. నిజం ముందు చెప్పి తీసుకెళ్తారా, అక్కడికి వెళ్లాక చెబుతారా అన్నది మీరు తేల్చుకోండి. నేనైతే ముందే చెబుతాను. లేకపోతే "ఇది రెండోసారి కదా నీకు" అని దారంతా ఆవిడ అడుగుతూనే ఉంటారు.

తీసుకెళ్లేటట్టయితే కొన్ని జాగ్రత్తలు. ముక్తినాథ్ 3,700 మీటర్లు దాటిన చోటు. పోఖరా వెయ్యి మీటర్ల లోపే. ఒక్క రోజులో జీపులో ఎక్కించేస్తే మీకు జరిగిందే ఆవిడకూ జరగొచ్చు. దారిలో ఒక రాత్రి కలోపానీలో, ఇంకొక రాత్రి జోమ్‌సోమ్‌లో ఆగి పోండి. దర్శనం చేసుకుని ఆ రోజే కిందికి దిగి పడుకుంటే మేలు. జోమ్‌సోమ్‌లో మధ్యాహ్నమయ్యేసరికి గాలి విరుచుకుపడుతుంది, విమానాలు పొద్దునే తిరుగుతాయి. వాతావరణం బాగాలేకపోతే అవీ రద్దవుతాయి, కాబట్టి తిరుగు టికెట్లు దగ్గర దగ్గరగా పెట్టుకోకండి. ఊరి నుంచి గుడి దాకా ఎక్కుడు ఉంది, గుర్రాలు దొరుకుతాయి. ధారల నీళ్లు మంచులా ఉంటాయి. అమ్మగారు నూట ఎనిమిదింటి కిందా తల పెడతానని పట్టుబడితే, చేత్తో తల మీద చల్లుకుంటే చాలని ముందే ఒప్పించుకోండి. ఆవిడకు బీపీ, షుగరు ఉన్నాయో లేవో మీరు రాయలేదు. ఉంటే బయలుదేరేముందు డాక్టరుకు చూపించి, ఎత్తుకు పోతున్నామని చెప్పండి. వీసా అక్కర్లేదు, మీ ఓటరు కార్డు పెట్టుకోండి.